సువార్తమ్మగారి మూసిన కళ్ళు

ఈ సాయంత్రం మా మనవరాలు జ్యోతి ప్రార్థన చాప దులిపింది. ఎండకు కాగిన ప్లాస్టిక్ వాసన, దానితోపాటు పోర్టు బొగ్గు పొడి వాసన ముక్కుకు తగిలాయి. మా మల్కాపురంలో ఎంత తుడిచినా ఆ నల్ల పొడి పోదు. ఆ వాసనకు నాకు సువార్తమ్మగారే గుర్తొస్తారు.

మా చర్చిలో ఇంటింటి ప్రార్థనలు నడిపే ఆడవాళ్ళను తయారుచేసింది ఆవిడే. జీతం లేని పని. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని, బైబిలు కూడబలుక్కుని చదివేదాన్ని. "నానేటి నడుపుతానండీ, సదువే సరిగా రాదు" అన్నాను. "సదువు మెల్లగా వత్తాదిలే. రాని మనిషి ఇంటికెళ్ళి పిలుత్తావా, నేదా? అది సెప్పు" అన్నారు. తొలి శుక్రవారం ప్రార్థన మధ్యలో నాకు మాట ఆగిపోయింది. అందుకుంటారేమోనని చూస్తే, ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఎలాగో ఆమెన్ దాకా ఈదాను. దారిలో అడిగితే, "నాను అందుకుంటే నువ్వెప్పుడూ నా మొకమే సూత్తావు" అన్నారు.

పోనుపోను మా ప్రార్థన కూటానికి గది చాలలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళను గుమ్మం బయటే కూర్చోబెట్టేదాన్ని. టీతో బిస్కెట్లు పెట్టనిచ్చేదాన్ని కాదు. ఒకింట్లో పెడితే లేనివాళ్ళు కూడా పెట్టాలని తంటాలు పడతారు. చాప అంచులు ఊడితే పాత చీరగుడ్డతో కుట్టాను. "దేవమ్మక్కది కూటమా, పోలీసు టేసనా?" అని నవ్వేవాళ్ళు, అయినా వచ్చేవాళ్ళు. సరిగ్గా అప్పుడే సువార్తమ్మగారు అందరి ముందూ ఆ చాప చుట్టి, కూటానికి వచ్చే మేరీ చేతిలో పెట్టారు. "వచ్చే వారం నుంచి మేరీ నడిపిత్తాది. దేవమ్మా, నువ్వు ఎనకాల కూకో."

బస్టాపు దాకా వెంటపడి, "నాను తప్పు సేసేనా అండీ?" అని అడిగాను.

"నీకేటనిపిత్తంది?" అని బస్సెక్కేశారు.

తర్వాత మరో వీధిలో కొత్త కూటం పెట్టమని నన్నే పంపారు. నా కరుకుతనం నచ్చక తీసేశారో, నమ్మకంతోనే పంపారో తేలలేదు. మళ్ళీ అడిగే ధైర్యం వచ్చేసరికి ఆవిడ లేరు.

అప్పుడు పెట్టిన ఆ కూటాన్నే ఇవాళ జ్యోతికి అప్పగించాను. ప్రార్థన మధ్యలో మాట తడబడి నావైపు చూసింది. అందించాల్సిన మాట నా నాలుక మీదే ఉంది. అందిస్తే రేపు కూడా నా ముఖమే చూస్తుంది. అందించకపోతే పిల్ల నలుగురిలో చిన్నబోతుంది. ఏది మేలో తెలియక కళ్ళు మూసుకున్నాను. మూసుకున్నాక కూడా తెలియలేదు. ఆవిడకూ ఇలాగే ఉండేదా?

అందరూ వెళ్ళాక చాప చుడుతూ, "అమ్మమ్మా, బాగా నడిపేనా? సెప్పవేటి?" అంది జ్యోతి.

"నీకేటనిపిత్తంది?" అన్నాను. తప్పించుకోవడానికి కాదు. తెలుసుకుందామనే అడిగాను.