దేవుడి డబ్బాలో నా దోసిలి

ఆ రోజుల్లో వదులుకోవడానికి నా దగ్గర పెద్దగా ఏమీ ఉండేది కాదు. పంతొమ్మిదేళ్లవాణ్ణి, జంషెడ్‌పూర్‌లో ఒక కార్ఖానాలో అప్రెంటిస్‌ని. సిగరెట్టు అలవాటు లేదు, సినిమాకి డబ్బుల్లేవు. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల శ్రమల దినాలు మొదలవగానే తోటి కుర్రాళ్లు ఒకడు పాన్ మానేశానని, ఒకడు చాయ్ మానేశానని చర్చి మెట్ల మీద చెప్పుకుంటుంటే, నేను కాకరకాయ మానేశానన్నాను. (అమ్మ దాన్ని త్యాగం కింద జమకట్టలేదు.) ఆ ఆదివారమే పాస్టరు అయ్యగారు ప్రసంగంలో, ఇచ్చేవాడికి నొప్పి తెలియకపోతే అది కానుకే కాదన్నారు. నేను నొప్పి కోసం ఇల్లంతా వెతికాను.

అది వంటింట్లో దొరికింది. మేముండే బర్మామైన్స్ పేటలో మా తెలుగు క్రైస్తవుల ఇళ్లలో, ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి దేవుడి డబ్బాలో వేసేవారు. నెలాఖరు ఆదివారం ఆ బియ్యం చర్చికి చేరేది, స్త్రీల సమాజంవాళ్లు లేనివాళ్ల ఇళ్లకి మోసుకెళ్లి ఇచ్చేవారు. ఆ సమాజంలో మా అమ్మ ముందుండే మనిషి. కానీ అమ్మ చెయ్యి చిన్నది. ఇకమీదట గుప్పెడు నేను తీస్తానని చెప్పి, దోసిలి తియ్యడం మొదలుపెట్టాను, అదీ రెండు పూటలా. దేవుడి వాటా దగ్గర బేరమాడ్డం చేతకాక అమ్మ చూసి ఊరుకుంది.

మావి రేషన్ బియ్యం. కొద్దిరోజుల్లోనే అన్నం తగ్గి గంజి పెరిగింది. అమ్మ తనకి ఆకలి లేదనడం మొదలుపెట్టింది. ఉపవాసం ఇంటిల్లిపాదికీ పాకిందని నేను సంతోషించాను. డ్యూటీ నుంచి వచ్చిన నాన్న మాత్రం కంచంకేసి కాసేపు చూసి, "ఇంట్లో ఏటి, హర్తాల్ నడత్తందా?" అనేవాడు.

నెలాఖరు ఆదివారం డబ్బా నేనే భుజం మీద పెట్టుకుని చర్చికి తీసుకెళ్లాను, నలుగురూ చూసే దారిన. అదే పూట సండేస్కూల్లో టీచరమ్మ, ఎవరికైనా ప్రార్థన అవసరాలున్నాయా అని అడిగింది. మా చెల్లి లేచి, "ఘర్ మే చావల్ కమ్ పడ్తా హై" అని, ఇంట్లో బియ్యం చాలట్లేదని హిందీలో స్పష్టంగా చెప్పింది. పిల్లలంతా కళ్లు మూసుకుని మా ఇంటి బియ్యం కోసం ప్రార్థించారు. టీచరమ్మ కళ్లు తెరిచాక స్త్రీల సమాజానికి కబురు పెట్టింది.

శనివారం సాయంత్రం అయ్యగారి భార్య, మరో ఇద్దరు ఆంటీలు గోనెసంచితో రిక్షా దిగారు. (అన్ని ఇళ్ల డబ్బాలూ కలిపిన బియ్యం అవి. అందులో నా దోసిళ్ల వాటా ఎంతో నాకే తెలుసు.) "మనలో మనకి సిగ్గేటమ్మా, దేవుడిచ్చిందే కదా" అంది అయ్యగారి భార్య నెమ్మదిగా.

అమ్మ ముఖం కందిపోయింది. నావైపు చూసింది. ఇదంతా వీడి నిర్వాకం అని ఒక్క మాటంటే చాలు, సంచి వెనక్కి వెళ్లిపోతుంది, అమ్మ పరువు నిలబడుతుంది. కానీ మర్నాడు చర్చిలో అందరి ముందూ నిలబడి నా త్యాగం గురించి సాక్ష్యం చెప్పవలసింది నేను. ఆ సంగతి వీధంతా తిరిగి చెప్పుకుంది అమ్మే. అమ్మ కొంగు సర్దుకుని, రెండు చేతులూ చాచి సంచి అందుకుంది. "దేవుడికి స్తోత్రం. కూకోండి, టీ తాగి ఎల్దురు గాని" అంది.

వాళ్లు వెళ్లాక, నిజం ఎందుకు చెప్పలేదని అడిగాను. అమ్మ చేటలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండానే చెప్పింది. "ఇన్నాళ్లూ ఇచ్చీసి వచ్చీడమే గాని, పుచ్చుకోడం ఇంత బరువని నాకేటి తెలుసురా."

ఆ పూట అందరం కడుపునిండా తిన్నాం. నాన్న మారు వడ్డించుకున్నాడు, హర్తాల్ ఎలా ఆగిందో అడగలేదు. మర్నాడు నా సాక్ష్యం రెండు వాక్యాల్లో అయిపోయింది. (అయ్యగారు క్లుప్తతని మెచ్చుకున్నారు.)

ఇప్పుడు నా వయసు ఆనాటి అమ్మ వయసుని ఎప్పుడో దాటేసింది. చర్చికి ఇవ్వడం, చుట్టాలకి పెట్టడం బాగానే వచ్చు. పక్కింటి కోడలు గిన్నెలో కూర పట్టుకొస్తేనే, ఎందుకమ్మా శ్రమ అనబోయి నాలుక కరుచుకుంటాను. రెండు చేతులతోనే అందుకుంటాను, తల కూడా వంచుతాను. మెడ మాత్రం ఇంకా కాస్త బిగుసుకుంటుంది.