బంతి పట్టనివాడి వరుస

కోచ్ గారు పోయారని చెప్పి ఫోన్‌లో ఏడిస్తే, మా అక్క “ఆ టీమ్‌లో అబ్బాయెవరే?” అని అడిగింది.

అక్క స్కార్‌బరోలో ఉంటుంది, నేను అదే దేశంలో, నాలుగు గంటల విమానం దూరాన ఎడ్మంటన్‌లో. సాయంత్రానికల్లా ఖమ్మంలో అమ్మకు కబురు చేరింది. అమ్మ నన్నేమీ అడగలేదు గానీ, ఆ అబ్బాయి మనవాళ్ళేనా అని అక్కను అడిగిందట. బావ మాత్రం, చదువు అయ్యాక ఉద్యోగం దొరక్క దిగులు పట్టుకుందని తేల్చేశాడు. ముగ్గురికీ నామీద ప్రేమే. ఒక మనిషి పోయినందుకు ఏడుస్తున్నానని మాత్రం ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. అరవై దాటిన మనిషి, చుట్టం కాడు, పాఠం చెప్పిన ప్రొఫెసర్ కాడు. ఆయన నేర్పింది ఆట, నేను ఆ ఆట ఆడను. ఇక ఏడవడానికి ఏముందని వాళ్ళ లెక్క.

ఆయన నిద్రలోనే పోయారు. గుండె ఆగిపోయింది. టీమ్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చేసరికి నేను బస్సులో ఉన్నాను. దిగాల్సిన స్టాప్ దాటిపోయి, ఇంకో నాలుగు స్టాపులు పోయాక దిగి, మంచులో వెనక్కి నడిచాను.

ఇది చదివేవాళ్ళలో చాలామందికి ఇక్కడి ఫుట్‌బాల్, కాలితో తన్నేది కాదు, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తేది, తెలిసి ఉండదు. మూడేళ్ళ కిందట నాకూ తెలియదు. యూనివర్సిటీలో డేటా సైన్స్ చదవడానికి వచ్చి, పార్ట్ టైమ్ పని వెతుక్కుంటూ జట్టు వీడియో గదిలో చేరాను. ప్రాక్టీసు జరిగేటప్పుడు మైదానం పక్కన పైకి లేచే ఇనుప అరుగులాంటి లిఫ్ట్ మీద నిలబడి అంతా కెమెరాలో పట్టాలి. తర్వాత ఒక్కో ఆటా చూసి, బంతి కదిలి ఆగేదాకా సాగే ఒక్కో ఎత్తులో ఎవరు ఏం చేశారో షీట్‌లో ఎక్కించాలి. చేరిన కొత్తలో ఒకరోజు అక్టోబరు గాలికి ఆ లిఫ్ట్ ఊగుతుంటే అమ్మ ఫోన్ చేసింది. తర్వాత మాట్లాడతానని తెలుగులో అరిచి పెట్టేశాను. కింద నుంచి ఒక గొంతు తెలుగులోనే, “ఒరేయ్, కింద చూడకు. భయమేస్తది,” అంది.

చూస్తే తెల్లగడ్డం, చెవులు మూసిన టోపీ, భారీ మనిషి. ఫుల్‌బ్యాక్‌లకు కోచ్. ఎడ్మంటన్‌లోనే పుట్టారు. ఆయన తల్లిదండ్రులు ఇక్కడ తెలుగు మాట వినపడని రోజుల్లో వచ్చినవాళ్ళు. ఆయన తెలుగంతా వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నదే, అది కూడా పదేళ్ళ వయసు దగ్గర ఆగిపోయింది. ‘మీరు’ అనే మాట ఆయనకు రాదు. వాళ్ళమ్మ ఆయన్ను ఎప్పుడూ అలా పిలవలేదు గనక. నన్ను మూడేళ్ళూ ‘ఒరేయ్’ అనే పిలిచారు. ఆడపిల్లను అలా అనకూడదని చెప్పాలని మొదట్లో అనుకునేదాన్ని. ఒక వారం గడిచాక, ఇంకెలా పిలిచినా నేను పలకనేమో అనిపించింది.

ఫుల్‌బ్యాక్ అంటే ఏమిటో నాకు చెప్పింది ఆయనే. బంతి పట్టుకుని పరిగెత్తేవాడు ఒకడుంటాడు. వాడికి ముందు ఇంకొకడు పరిగెత్తి, ఎదురొచ్చేవాణ్ణి గుద్ది పక్కకు తోస్తాడు. ఆ సందులోంచి బంతి ముందుకు పోతుంది. తోసినవాడే ఫుల్‌బ్యాక్. చప్పట్లు బంతి ఉన్నవాడికి పడతాయి. కోచ్ గారు తన కాలంలో ఫుల్‌బ్యాకే. వాళ్ళమ్మ ఒకే ఒక్కసారి మైదానానికి వచ్చిందట. ఆట అయ్యాక, “బంతి నీ దగ్గర లేదు కదరా, నిన్నెందుకు పడేస్తున్నారు?” అని అడిగిందట. “నేనే వాళ్ళని పడేస్తున్నా అమ్మా,” అన్నారట ఈయన. ఆమె నమ్మలేదు. ఈ కథ చెప్పినప్పుడల్లా కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వేవారు.

స్కూల్లో చెక్కపని నేర్పే టీచరుగా రిటైరయ్యారు. మధ్యాహ్నం డబ్బాలో పెరోగీలు తెచ్చుకునేవారు, బంగాళాదుంప కూరి ఉడికించిన ఇక్కడి కజ్జికాయల్లాంటివి. వాటిని ఆవకాయలో ముంచుకుని తినేవారు. ప్రాక్టీసు అయ్యాక మైదానంలో పెట్టిన ఆరెంజి రంగు కోన్‌లన్నీ తనే ఏరేవారు, ఎవరైనా సాయానికొస్తే కసిరేవారు. ఆటగాళ్ళమీద అరవడం నేను వినలేదు. తప్పు చేసినవాడి పక్కకెళ్ళి మోకాలికంటిన మట్టి దులుపుతూ ఏదో చెప్పేవారు. ఏం చెప్పేవారో పైన లిఫ్ట్ మీదికి వినపడేది కాదు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

కిందటి డిసెంబరులో సీజన్ అయిపోయాక హెడ్ కోచ్ నన్ను మీటింగ్‌కు పిలిచారు. కోచ్‌లంతా కూర్చున్న గదిలో నేను మాట్లాడడం అదే మొదటిసారి. చివరి రెండు సీజన్ల షీట్ తెరమీద వేశాను. ఎవరు ఎన్నిసార్లు బంతి ముట్టారు, బంతిని ఎన్ని గజాలు ముందుకు తెచ్చారు, అన్నీ రంగులు వేసి మరీ చూపించాను. ఒక్కో ఆటగాడికి ఒక్కో వరుస. ఫుల్‌బ్యాక్ వరుస దాదాపు ఖాళీ. గదిలో ఎవరో నవ్వారు. ఈ రోజుల్లో కాలేజీ ఆటంతా మైదానం వెడల్పునా మనుషుల్ని పరిచి, బంతి విసరడమేనని, ఫుల్‌బ్యాక్ పాతకాలం నాటి సరుకని, ఆ చోటు విసిరిన బంతిని పట్టే ఇంకో రిసీవర్‌కిస్తే మంచిదని హెడ్ కోచ్ అన్నారు. అందరూ కోచ్ గారి వైపు చూశారు. ఆయన నా షీట్ వైపు చూస్తూ కూర్చున్నారు. మీటింగ్ బాగా చేశానని నేను ఎగిరి గంతేస్తూ బయటికొచ్చాను.

మర్నాడు ఆయన వీడియో గదికి వచ్చారు. చేతిలో అరచేయంత అట్టముక్క. మంచు పడుతుండగా ఆడిన ఒక ఆటలోంచి ఒక్క ఎత్తు పెట్టమన్నారు. ఆరు సెకన్లు ఉంటుందేమో. అట్టముక్కను తెరకానించి, బంతి పట్టుకున్నవాణ్ణి కప్పేశారు. వాడు కదిలినకొద్దీ అట్టా కదిలింది.

“బంతిని చూడకురా. మిగతాది చూడు.”

ఇరవైసార్లు చూసి ఉంటాం. మొదటి అయిదారుసార్లూ నాకేమీ కనపడలేదు. తర్వాత మా ఫుల్‌బ్యాక్ కనిపించాడు. ఒకణ్ణి భుజంతో తోసి, అక్కడితో ఆగకుండా, పడిపోతూ పడిపోతూ రెండోవాడి కాళ్ళకు అడ్డం పడ్డాడు. ఇద్దరి మధ్యా తలుపంత ఖాళీ. ఆ ఖాళీలోంచి అట్టముక్క జారుకుంటూ వెళ్ళింది. నా షీట్‌లో ఆ గజాలన్నీ బంతి పట్టినవాడి వరుసలో ఉన్నాయి. బంతి ముట్టినవాళ్ళ పేర్లే ఎక్కించేలా షీట్ తయారుచేసింది నేనే. ఆరోజు మంచులో రెండుసార్లు పడి లేచినవాడి పేరు ఎక్కడా లేదు.

తప్పు చేశానా అని అడిగాను.

“తప్పు కాదు. సగం చేసినవ్.”

మరి మీటింగ్‌లో ఆ మాట ఎందుకు అనలేదని అడిగాను. ఆయన అట్టముక్క జేబులో పెట్టుకుని, “నీ మొదటి మీటింగ్ కదరా,” అన్నారు.

ఇంకోమాట కూడా అన్నారు. ఇంగ్లీషులో అన్నారు, ఆయనకొచ్చిన తెలుగు అంతదూరం రాదు. ఇప్పటి ఆటలో ఫుల్‌బ్యాక్‌కు చోటు ఉండకపోవచ్చు, తనకూ తెలియదు. తీసేస్తే తీసేయనీ, కానీ ఏం తీసేస్తున్నామో చూసి తీసేయాలి. అంతే ఆయన వాదన. ముసలి ఆటగాడి అభిమానం కొద్దీ అడుగుతున్నాడని ఎవరూ అనకూడదని, ఫుల్‌బ్యాక్ వల్ల చెడిన ఎత్తులు కూడా ఎక్కించమన్నారు. రెండు సీజన్లూ మొదటినుంచి చూసి, షీట్ మళ్ళీ చేస్తానని ఒప్పుకున్నాను.

చేయలేదు. జనవరంతా ఉద్యోగాలకు అప్లై చేస్తూ కూర్చున్నాను. ఆయన ఒకే ఒక్కసారి, కారిడార్‌లో ఎదురుపడినప్పుడు, “షీట్ ఎంతదాకా వచ్చింది?” అని అడిగారు. మొదలుపెట్టానని చెప్పాను. ఫైలైనా తెరవలేదు.

అంత్యక్రియల హాలు చిన్నది. గోడవారన ఏడెనిమిది మంది మగవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకరికి నెరిసిన జుట్టు, ఒకరి చంకలో పసిపిల్ల, ఒకరు చమురు బావుల దగ్గరి పని బట్టల్లోనే వచ్చారు. ఒకరికొకరు తెలిసినట్టు లేదు. మెడలు మాత్రం అందరివీ ఒక్కలాగే ఉన్నాయి, భుజాల్లో కలిసిపోయి. ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసింది, వీళ్ళంతా ఆయన ఫుల్‌బ్యాక్‌లని. కుర్చీలు ఖాళీగా ఉన్నా ఒక్కరూ కూర్చోలేదు.

వాళ్ళ చివర మా ఇప్పటి ఫుల్‌బ్యాక్. వ్యవసాయం చదువుతున్నాడు, వచ్చేది అతనికి ఆఖరి సీజన్. ఆ చోటు తీసేస్తే ఈ చలికాలంతో అతని ఆట అయిపోయినట్టే. నాతో ఎప్పుడూ నాలుగు మాటలు మాట్లాడి ఎరుగడు. దగ్గరికొచ్చి, “నువ్వు కొత్త షీట్ చేస్తున్నావట. కోచ్ చెప్పాడు. అందులో ఉన్నదున్నట్టు రాస్తావన్నాడు,” అన్నాడు.

చేస్తున్నానన్నాను. పోయిన మనిషికి ఒకసారి, ఉన్న మనిషికి ఒకసారి, అదే అబద్ధం.

బయట పార్కింగ్‌లో హెడ్ కోచ్ కనపడ్డారు. జట్టు జాబితా ఏప్రిల్ ఆఖరుకు ఖాయం చేస్తానని, కొత్తగా ఏమైనా ఉంటే ఆలోపు తెమ్మని అన్నారు. మంచి మనిషే. నేనిచ్చిన కాగితం చూసి నిర్ణయం తీసుకున్నారు, అంతే.

ఈలోగా అక్క వాళ్ళ నగరంలోనే, ఎటోబికోలో ఉద్యోగం వచ్చింది. ఎయిర్‌పోర్టు దగ్గర సరుకు రవాణా కంపెనీ, డేటా టీమ్, మార్చిలో చేరాలి. రెఫరల్ బావదే. అక్క తన బేస్‌మెంట్ గది సర్దేసి, కొత్త దుప్పటి ఫొటో కూడా పంపింది. షీట్ సంగతి, ఏప్రిల్ గడువు సంగతి చెప్పాను. కోపం తెచ్చుకోకుండా వినాలని చాలా ప్రయత్నించింది పాపం.

“ఆ పొజిషన్ ఉంటే నీకేంటే? పోతే నీకేంటి?”

“షీట్ నాది అక్కా.”

“అది ఇక్కడికొచ్చాక వీకెండ్స్‌లో చేసుకో. పీఆర్ సంగతి ఆలోచించావా? అది రాకుండా ఈ దేశంలో ఎన్నాళ్ళుండనిస్తారు? వర్క్ పర్మిట్ మీద టైమ్ అయిపోతోంది. ఆ పార్ట్ టైమ్ వీడియో పని లెక్కలోకి రాదు, తెలుసా?”

తెలుసు. అక్క చెప్పిందాంట్లో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ వీకెండ్స్‌లో చేస్తానని నాకు నేను చెప్పుకుంటూనే జనవరి గడిచిపోయింది. నా సంగతి నాకు తెలుసు, ఎటోబికో వెళ్తే ఆ ఫైలు తెరవను. పైగా ఆ వీడియోలు జట్టు గది దాటి బయటికి పోనివ్వరు.

అంత్యక్రియలయ్యాక ఫైలు తెరిచాను, ఇప్పటికి మొదటి సీజన్‌లో సగం ఆటలు చూశాను. కొన్ని ఎత్తుల్లో ఫుల్‌బ్యాక్ లేకపోతే బంతి అడుగు కదిలేది కాదు. కొన్నింటిలో అతను ఉన్నా లేకపోయినా ఒకటే. రెండుసార్లు తన జట్టువాడికే అడ్డం పడ్డాడు, అదీ ఎక్కించాను. ఆఖరికి ఈ షీట్ ఏం చెబుతుందో నాకు తెలియదు. అతని చోటు నిలబడకపోవచ్చు.

ఎటోబికో ఉద్యోగంలో చేరనని నిన్న మెయిల్ పెట్టాను. అక్కకు ఈ పొద్దున చెప్పాను. ఏప్రిల్ ఆఖరుదాకా ఎడ్మంటన్‌లోనే ఉంటాను.