జడల బర్రెను చూసొచ్చిన చిన్నాయన

పోయిన నెల ఒక మధ్యాహ్నం సిద్దిపేట దవాఖాన నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ చిన్నాయన పోయిండు బిడ్డా" అంది. తర్వాత అడిగింది, "బర్లకు నీళ్లు పెట్టినవా?" నాలుగు రోజులుగా వాళ్ల కొట్టం నేనే చూసుకుంటున్నాను. పెట్టానని చెప్పాను. "మంచిగ చేసినవ్. పొద్దున గదే అడిగిండు" అని ఫోన్ పెట్టేసింది.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. పక్క చేను ఆయన. వరుస కలుపుకుని చిన్నాయన అన్నాను. వయసులో ఉండగా మిలిటరీకి పోయి, లడఖ్‌లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చాడు. ఎడమ కాలికి రెండు వేళ్లు లేవు. మంచుకు పోయాయి. అందుకే కొంచెం ఒరిగి నడిచేవాడు. ఎంత దూరం నుంచి చూసినా ఆయనేనని తెలిసేది.

ఆ వేళ్ల గురించి ఎవరైనా అడిగితే జడల బర్రె సంగతి మొదలుపెట్టేవాడు. మంచులో దారి తప్పి పడిపోయిన ఆయన్ని కొండల్లో ఉండే ఒక ముసలామె కాపాడిందట.

"ఆమెకు ఒక్కటే జడల బర్రె ఉండె బిడ్డా. నన్ను ఇంటిదాక మోసుకొచ్చింది గదే. పొయ్యిల మండింది దాని పిడకనే. నాకు కప్పింది దాని బొచ్చుతోని నేసిన గొంగడే. తాగిచ్చింది దాని పాలే. మనమేమో పాలిచ్చినన్ని రోజులు గడ్డేస్తం, ఆనక అమ్ముకుంటం. బర్రె అంటే మనకేం తెలుసు?"

పింఛను వచ్చేది కాబట్టి సిద్దిపేటలో ఇల్లు కట్టుకుని హాయిగా కూర్చోవచ్చు. ఆయన తన రెండెకరాల్లోనే చిన్న ఇల్లు, ఇంటికంటే పెద్ద కొట్టం వేసుకున్నాడు. నాలుగు బర్రెలను సాకాడు. మా దిక్కు బర్రెకు మగదూడ పుడితే దానికి కడుపునిండా పాలు వదిలేవాళ్లు తక్కువ. చిన్నాయన అట్లా ఎండిపోతున్న రెండు దూడలను అడిగి తెచ్చుకున్నాడు. "పాలియ్యకుంటే పనికి రానట్టేనా? నేను సుత ఇయ్య గద!" అని నవ్వేవాడు. అవే దున్నలై బండి లాగాయి, వరి మడి దున్నాయి. పెండతో వంటకు గ్యాసు తయారయ్యేది. గ్యాసు గుంతలోంచి వచ్చిన చిక్కటి నీళ్లు వంకాయ, టమాట మళ్లకు పోయేవి. చుట్టూ ట్రాక్టర్లు తిరుగుతుంటే ఆయన దున్నలతో దున్నడం చూసి బస్సుల్లో పోయేవాళ్లు ఫోటోలు తీసుకునేవాళ్లు.

అన్నీ అనుకున్నట్టే జరగలేదు. బర్రె వెంట్రుకలతో తాడు పేనుతానని ఏడాదంతా పోగుచేశాడు. పేనితే జానెడు వచ్చింది. చిన్నమ్మ ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ దాన్ని చూపించింది. "మిలిటరీ తాడు. ఏనుగును కట్టేయొచ్చు!" అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయనే.

నా భర్త భివండీలో మగ్గం పనికి పోయి అక్కడే జబ్బుచేసి చనిపోయాడు. పసిబిడ్డతో పుట్టిన ఊరికి తిరిగివచ్చాను. బాపు నా పేర ఉంచిన కొద్దిపాటి నేల చిన్నాయన చేను పక్కనే ఉంది. నేను వచ్చిన కొన్నాళ్లకు ఆయన చూలుతో ఉన్న పడ్డను తోలుకొచ్చి నా ఇంటి ముందు గుంజకు కట్టాడు. "నీకే" అన్నాడు.

పడ్డ ఈనింది. తొమ్మిదో రోజున దూడ చచ్చిపోయింది. ఇక అది నన్ను దగ్గరికి రానివ్వలేదు. తన్నితే చెంబు గోడకు తగిలి సొట్టపోయింది. సూది వేయిస్తే పాలు అవే దిగుతాయని ఒకరు, అమ్మి పీడ వదిలించుకొమ్మని ఇంకొకరు చెప్పారు. చిన్నాయన దగ్గరికి పరుగెత్తాను.

"చిన్నాయనా, సూదన్న ఏయిస్త, లేకుంటే దాన్ని అమ్మేస్త. నాతోని కాదు."

"దూడ పోయి ఎన్నొద్దులాయె?"

"రెండొద్దులు."

"నీ పెనిమిటి పోయిన రెండొద్దులకు నిన్ను ఎవలన్న పనికి రమ్మన్నరా?"

ఆయన గొంతు తగ్గించాడు. "సూది వద్దు బిడ్డా. సూదికి పాలొస్తయి గని, బర్రె నీ దిక్కు రాదు."

మరునాటి నుంచి తెల్లవారంగానే వచ్చేవాడు. ఎడమ కాలు చాపుకుని బర్రె పక్కన కూర్చునేవాడు. ముందు మెడ నిమిరేవాడు. వేడినీళ్లలో ముంచిన గుడ్డతో పొదుగు తుడిచి, గట్టిపడకుండా వచ్చిన నాలుగు చుక్కలే పిండి వదిలేసేవాడు. చేస్తున్నంతసేపూ మాటలు లేని కూనిరాగం తీసేవాడు. ఆ ముసలామె జడల బర్రె దగ్గర అట్లాగే పాడేదట.

నాలుగో రోజు బర్రె చెవులు వాల్చి నెమరు వేయడం మొదలుపెట్టింది. చూస్తుండగానే చన్నులు నిండాయి. పాలు చేపింది. ఆయన వెంటనే లేచి నన్ను కూర్చోబెట్టాడు. "ఇగ నీ చెయ్యి ఎరుక కావాలె దానికి." పితుకుతూ పితుకుతూ దాని డొక్కకు నుదురు ఆనించి ఏడ్చేశాను. భర్త పోయాక అట్లా ఏడవడం అదే మొదలు. చిన్నాయన చూడనట్టు గడ్డి సర్దుతూ ఉండిపోయాడు.

ఆ బర్రె సంతతి ఇప్పుడు నా కొట్టంలో ఐదున్నాయి. బిడ్డ సిద్దిపేట కాలేజీలో చదువుతోంది. నేను ఎప్పుడు కృతజ్ఞత చెప్పబోయినా ఆయన అడ్డుకునేవాడు. "పసులను మనం సాకుతున్నమనుకుంటం. పొద్దుగాల మనల్ని మంచంల నుంచి లేపుతున్నది ఎవలు?"

చిన్నాయన పెద్దదినం కర్మ అయిన మర్నాడు చిన్నమ్మ దున్నలను బండికి కట్టింది. జీవితంలో ఎన్నడూ పగ్గం పట్టని మనిషి. "నేను తోల్త చిన్నమ్మా" అని చెయ్యి చాపాను.

"వద్దు. ఎటు పోవాల్నో వాటికి ఎరుకే" అంది.

ఎరువు నిండిన బండి కోసిన వరి మడిలోకి మెల్లగా దిగింది. చిన్నమ్మ గంపతో కుప్ప వెనక కుప్ప పోస్తూ పోయింది. ఆ చలి పొద్దున ఒక్కో కుప్ప మీద సన్నటి ఆవిరి లేస్తోంది. బండి అవతలి గట్టుకు చేరేసరికి తెల్ల కొంగలు వచ్చి కుప్పల మధ్య వాలాయి.