తీజానీ తాతయ్య బొటనవేలు

రాజులకూ, పహిల్వాన్లకూ, సినిమా తారలకూ లేనన్ని ఫోటోలు మా తాతయ్య బొటనవేలికి ఉన్నాయి. ఎడమచేతిది. మొత్తం మూడు వేల నాలుగు వందల పన్నెండు. ఇంత పేరున్న వేలు మా స్ఫాక్స్ ఊళ్లోనే కాదు, సముద్రానికి అవతలి ఒడ్డున కూడా లేదని ఎవరితోనైనా పందెం కాస్తాను.

తాతయ్య పేరు తీజానీ. ఓడరేవులో వలల గిడ్డంగికి ముప్పై ఏళ్లు కాపలా కాసి దిగిపోయిన రోజున తోటివాళ్లు ఆయనకో చిన్న డిజిటల్ కెమెరా బహూకరించారు. ఆనాటి నుంచి మా వీధిలో పెళ్లయినా, సున్తీ అయినా, హజ్ నుంచి ఎవరు తిరిగొచ్చినా ఫోటోలు ఆయనవే. పిలిచినా వెళ్తాడు, పిలవకపోయినా వెళ్తాడు. ప్రతి వేడుకలోనూ పది ఫోటోలకి తక్కువ కాకుండా ఏదో ఒక మూల ఆ వేలు గులాబీరంగు కొండలా లేస్తుంది.

"మామా, ఇందులో మా తోడికోడలు ఏదీ?"

"ఉందమ్మా. వేలి వెనకాల."

"వేలు పక్కకి పెట్టి తీయొచ్చుగా?"

"వేలు లేకుండా కెమెరా ఎలా పట్టుకోనూ?"



ఆ వేలి మీద అందరికంటే ఎక్కువ కోపం నాకు. పరీక్షా ఫలితాలొచ్చిన రోజున మనవలందరినీ మార్కుల కాగితాలతో గోడ పక్కన నిలబెట్టి తీశాడు. అందులో చివరన నేనుండాల్సిన చోట వేలుంది. "హాజర్ ఈ మధ్య కాస్త లావెక్కింది" అని మా అన్నదమ్ములు ఇప్పటికీ అంటారు.

కిందటి చలికాలంలో మా పాత కంప్యూటర్ మంచాన పడింది. అరగంట పనిచేసేది, సలసలా కాగేది, గుర్రుమని ఆరిపోయేది. పదిహేడేళ్ల ఫోటోలూ దాని కడుపులోనే. వాటికి నకలంటూ ఎక్కడా లేదు. తాతయ్య బెంగతో తిండి తగ్గించేశాడు. వసీలా నానమ్మ లెక్కన రెండు పళ్లేల నుంచి ఒకటిన్నరకి.

శుక్రవారం నాడు మురాద్ బాబాయి కొత్త కంప్యూటర్ ఎత్తుకొచ్చాడు. గుమ్మం దగ్గరే తాతయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. చేప ఏదీ?"

"నాన్నా, ఇది పెళ్లికూతురు కాదు. కంప్యూటర్."

"కొత్తగా ఇంట్లోకి వస్తోందా, లేదా?"

"వస్తోంది."

"అయితే మా ఊరి కొత్త కోడళ్లలా చేప దాటి రావాలి."

గోధుమరవ్వ కుస్కుస్‌లోకని నానమ్మ తెప్పించుకున్న చేప గుమ్మంలో పడుకుంది. పెట్టె ఎత్తుకున్న బాబాయి, కింద ఏముందో కనబడక సరిగ్గా తోక మీద కాలేశాడు. కంప్యూటర్‌ని ఏమీ కానివ్వకుండా తాను మాత్రం కూలబడ్డాడు.

"చూశావా, చేప మహిమ! పెట్టెకి చిన్న గీతైనా పడలేదు" అన్నాడు తాతయ్య.

"ఇక నా చేప నాకిస్తే దాన్ని కుండలోకి దాటిస్తాను" అంది నానమ్మ.

బాబాయి నడుం పట్టుకునే రెండు కంప్యూటర్లకీ తీగ కలిపాడు. బాగాలేని ఫోటోలని ఏరిపెట్టే ప్రోగ్రాం ఒకటి తెచ్చాడు. అదే లెక్క తేల్చింది: వేలు పడినవి మూడు వేల నాలుగు వందల పన్నెండు.

"ఇవి దీంట్లోనే ఉండిపోతాయి. కొత్త ఇంటికి చెత్త మోసుకెళ్తామా? సాయంత్రం పాత సామాన్లవాడొస్తాడు, డబ్బాతో సహా ఇచ్చేస్తా."

తాతయ్య లేచాడు. జుబ్బా సర్దుకుని వెళ్లి పాత కంప్యూటర్ మీద కూర్చున్నాడు.

"నాన్నా, లే. కాలుతుంది."

"కాలనీ."

"వేలి ఫోటోలెందుకు నీకు? వేలు చేతికే ఉందిగా!"

"అన్నీ వెళ్లాలి. లేకపోతే ఏదీ వెళ్లదు."

"ఈలోగా అది చచ్చిపోతే?"

"దానితో నేనూ పోతా. త్వరగా కానీ, వెనక వేడెక్కుతోంది."

ఈ గొడవలోకి పక్కింటి దూజా అత్త వచ్చింది. ఆదివారం ఆవిడ చెల్లెలి నిశ్చితార్థం. కాబోయే వియ్యాలవారికి చూపించడానికి తన పెళ్లి ఫోటోలు కావాలట.

"నీ ఫోటోలన్నీ చెత్తలోకే వెళ్లాయి అక్కా. ప్రతిదాంట్లోనూ కింద వేలే" అన్నాడు బాబాయి.

"ఆ వేలున్నవే నాక్కావాలిరా."

బాబాయి తీగ వదిలేసి ఆవిడ వైపు తిరిగాడు.

"పెళ్లినాడు మా నాన్న పడవ దిగి తిన్నగా వచ్చేశాడు. ఒంటి మీద మంచి కోటు, కాళ్లకి చేపల కంపు కొట్టే రబ్బరు చెప్పులు, అవీ తెగినవి. మగపెళ్లివాళ్లేమో రాజధాని మనుషులు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మీ నాన్న మా నాన్న పాదాల వైపు ఒకసారి చూశాడు. వేలు పెట్టాడు. అప్పుడు నొక్కాడు."

అందరం తాతయ్య వైపు తిరిగాం. ఆయన గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు. కిందటేడాదిది.

బాబాయి ప్రోగ్రాం తీసేసి అన్నీ పంపించడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క ఫోటో కొత్త తెర మీద మెరిసి మాయమవుతోంది. నేను మొదటిసారి వేలిని కాకుండా వేలి పక్కన ఏముందో చూశాను. వీధి చివరి సాలిహ్ గారి కోటు, చినిగిన వైపు వేలు. నానమ్మ జబ్బు చేసి జుట్టంతా రాలిన ఏడాది ఈద్ ఫోటోలు వచ్చాయి. వాటిలో ఆమె తల పైన వేలు. బొటనవేలు పైకెలా వచ్చిందా అనుకున్నాను. కెమెరాని తలకిందులుగా పట్టుకుని తీశాడు.

నానమ్మ కుస్కుస్ కలుపుతూనే ఆ ఫోటో కేసి చూసింది. ఆ పూట తాతయ్య పళ్లెంలో చేప తల వేసింది. మా ఇంట్లో అంతకన్నా పెద్ద బిరుదు లేదు.

చివరి ఫోటో దాటిన పావుగంటకి పాత కంప్యూటర్ గుర్రుమని ఆరిపోయింది, మళ్లీ లేవలేదు. తాతయ్య దాని మీంచి లేచి జుబ్బా దులుపుకున్నాడు.

నేనూరుకుంటానా? పక్కనే చేరాను.

"తాతయ్యా, సముద్రం మీద వేలెందుకు?"

"అక్కడొకడు బట్టల్లేకుండా స్నానం చేస్తున్నాడు."

"పిల్లి మీద?"

"దానికి ఒంట్లో బాగాలేదు."

మార్కుల కాగితాల ఫోటో తెర మీదకి తెచ్చాను. తొమ్మిదో తరగతిలో రెండోసారి తప్పిన ఏడాది అది. అందరి చేతుల్లో కాగితాలు, అందరి మొహాల్లో వెలుగు. చివరన వేలు. ఆ రోజు నేను ఏడుస్తున్నానని నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

"మరి నా మీద?" అన్నాను. 

తాతయ్య కళ్లద్దాలు పెట్టుకుని తెర దగ్గరికి వంగాడు.

"అదొక్కటే పొరపాటున పడింది. వెళ్లి టీ పెట్టు."