కొట్టం కప్పు

ఈ రోజు తనకల్లు బడిలో పెద్ద తరగతికి 'కాజ్', 'రీజన్' అనే రెండు ఇంగ్లీషు మాటల తేడా చెప్పాను. రెంటినీ మనం కారణమనే అంటాం. కానీ దానంతటది జరిగేదాని వెనక ఉండేది కాజ్, మనిషి ఆలోచించి చేసేదాని వెనక ఉండేది రీజన్ అన్నాను. గాలికి గడ్డి కొట్టం కప్పు లేచిపోతే, ఆ గాలి కాజ్ అని ఉదాహరణ కూడా ఇచ్చాను.

వెనక వరసలోంచి నాగమ్మ లేచింది.

“మేముండే కొట్టానికీ కప్పు పోయింది సార్. గాలికి కాదు, మా నాయనే పీకినాడు.”

“ఎందుకమ్మా?”

“ఆవు చూలుతో ఉండాది. యాడా మేత దొరకల్యా. దినమూ కప్పులోంచి ఇంత గడ్డి పీకి దానికేస్తాండాడు. ఇది రీజనే కదా సార్?”

రీజనే అన్నాను. వాన లేకపోవడం కాజ్ అని తానే చెప్పి కూర్చుంది.

సాయంత్రం మడకశిర వైపు నల్లగా మబ్బు పట్టింది. వీధిలో అందరూ బయటికి వచ్చి మెడలెత్తి చూస్తున్నారు. నేనూ చూశాను. ఇన్నాళ్ళూ ఈ మబ్బు కోసమే మొక్కుకున్నవాణ్ణి, ఇప్పుడు కురవమని అడగడానికి మనసు ఒప్పడం లేదు. నాగమ్మ వాళ్ళు ఇంకా కప్పు లేని కొట్టంలోనే ఉన్నారు.

మీరైతే ఈ రాత్రికి ఏమని మొక్కుకుంటారు?