మార్యున్ చెయ్యి అందే ఎత్తు

మార్యున్ ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. చెయ్యి పైకి చాపితే ఆరడుగుల దాకా అందుతుంది. ఫారో దీవుల్లో ఆమె పనిచేసే ఓడల మరమ్మతు యార్డులో పెయింటర్లందరికీ ఈ లెక్క బాగా తెలుసు.

పందొమ్మిదేళ్లుగా ఆమె చేసేది ఒకటే పని. ఒడ్డుకు లాగిన ఓడ ఇనుముకు అరచేతిలో ఇమిడే మీటరు ఆనిస్తే, పెయింటు మందం ఎన్ని మైక్రాన్లో అంకె పడుతుంది. చేపల ఓడ అడుగుభాగానికి 320 ఉండాలి, అంటే సుమారు నాలుగు తలవెంట్రుకలంత. తగ్గితే ఉప్పునీరు ఇనుమును తినేస్తుంది. ఆమె సంతకం లేనిదే ఓడ నీళ్లలోకి దిగదు.

ఆ శుక్రవారం అన్ని అంకెలూ 350 పైనే వచ్చాయి. ఓలావ్ పండుగ పడవ పందెం ఆదివారమే. ఊరి పడవకు ఆరుగురు తెడ్డువాళ్లయితే, అందులో నలుగురు ఈ పెయింటర్లే. చుక్కాని పట్టేది ఆమె మొగుడు ఐదున్. ఇంత హడావిడిలో ఇంత శ్రద్ధేమిటని ఆమెకు అనుమానమొచ్చింది.

ఖాళీ చేపల పెట్టె బోర్లించి ఎక్కింది. 226. నిచ్చెన తెప్పించింది. 205.

పెయింటర్ల మేస్త్రీ హోగ్నిని పిలిచింది.

"పైన గాలెక్కువక్కా. పెయింటు ఎగిరిపోయుంటుంది."

"నా చెయ్యి అందే చోట మాత్రం గాలి లేదా?"

హోగ్నికి నవ్వాగలేదు. "నువ్వు నిచ్చెనెక్కుతావని ఎవడనుకున్నాడు? ఈసారికి సంతకం పెట్టెయ్. పందెం అయ్యాక ఇంకో పూత వేసేస్తాం."

"నీళ్లలో ఉన్న ఓడకా? ఈదుకుంటూ వేస్తావా?"

"మనూరు గెలిచి పదకొండేళ్లయింది. ఐదున్ బావకేం చెప్తావ్?"

"అది నా తంటా. నువ్వెళ్లి పెయింటు కలుపు."

ఆరడుగుల పైనున్న భాగమంతా సుద్దతో గీతలు గీసి వెళ్లిపోయింది.

ఇంట్లో ఐదున్ బంగాళాదుంపలు వడ్డిస్తూ అంతా విన్నాడు.

"205 ఏనా?"

"అంతే."

"దొంగ వెధవలు," అని ఫోన్ తీసి తెడ్డు పట్టగలవాళ్ల కోసం వెతకడం మొదలుపెట్టాడు.

శని, ఆదివారాలు పెయింటర్లు యార్డులోనే ఉన్నారు. బడి మాస్టరుతో సహా దొరికినవాళ్లను ఎక్కించుకున్న ఊరి పడవ తొమ్మిదింటిలో ఎనిమిదోదిగా వచ్చింది.

పండుగ సెలవులు ముగిశాక మార్యున్ నిచ్చెనెక్కి మళ్లీ కొలిచింది. 334.