అడవిని ఊడ్చిన మొనగాడు

నా మీసం మీద ఒట్టు. రంగేసిందే కావచ్చు, అయినా మీసం మీసమే. ఇప్పుడు రాసేదాంట్లో అక్షరం అబద్ధం లేదు. టేకులపల్లి అవతల ఒక గుట్ట కింద నేను ఒంటిచేత్తో ఒక అడవిని మాయం చేసిన. చెట్లు కొట్టిన అనుకునేరు, కొట్టేటోళ్లు వేరే ఉన్నరు. నేను మాయం చేసింది ఇంకా పుట్టని అడవిని.

అప్పుడు నాకు పాతికేళ్లు. అడవి శాఖల రోజుకూలీ మీద వాచర్‌గా చేరిన. ఖాకీ చొక్కా కుట్టించుకున్నంత జల్దీగా బుద్ధి కుట్టించుకోలేదు. చెట్లు కొట్టిన జాగను మా దిక్కు కూపు అంటరు. రేంజర్ సారు నన్ను ఆ కూపుకు తీసుకపోయి చెప్పిండు.

"ముదురు చెట్లు పోయినయ్, ఇగ నేలకు ఎండ తగులుతది. రాలిన విత్తనం మట్టిని తాకితే చాలు, అడవి దానంతటదే లేస్తది. మనం నాటేది లేదు. అడ్డమున్న కొమ్మా రెమ్మా తీసి, నేలను కొంచెం శుభ్రం చేయించు."

'కొంచెం' అన్న మాట నా చెవిదాకా వచ్చింది గానీ, చొక్కా గుండీలు చూసుకొని మురుస్తున్న నన్ను చూసి లోపలికి రాకుండానే పోయింది.

తెల్లారి కూలీ ఆడోళ్లందరికీ చీపుర్లు పంచిన. వాళ్ల పెద్ద ముత్తక్క. కూపు పక్కనే, అడవి కొట్టి సాగు చేసుకుంటున్న ఆమె పోడు చేను. చీపురును అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"తమ్మీ, అడివిని ఎవలన్న ఊడుస్తరా? గీ ఆకు కిందనే గదా విత్తు ఉండేది."

"రేంజర్ సారుకంటే నీకు ఎక్కువ తెల్సా అక్కా?"

"సారు సంగతేమో గని, నీకంటే మా మేకకు ఎక్కువ తెల్సు."

నేను వింటేనా! తొమ్మిది రోజులు ఊడిపించిన. ఆ నేల ఎంత నున్నగయిందంటే, ఒక చీమ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నది. కుప్పలకొద్దీ చెత్త ఏడ పొయ్యాలె?

"నా చేన్ల పొయ్యిండ్రి, ఎరువైతది" అన్నది ముత్తక్క. పోసినం.

వానలు పడ్డయ్. కూపు మాత్రం మొక్కు తీర్చుకున్న గుండులాగా మెరుస్తున్నది. ఇల్లు అలకంగనే పండుగ కాదంటరు గదా, అడవి ఊడ్వంగనే అడవి రాదని అప్పుడు తెలిసింది. ఇంతల ముత్తక్క ఉరికొచ్చింది.

"తమ్మీ, నీ అడివి నా చేన్ల దిగింది! జొన్న చల్లితే టేకు మొలిచింది!"

పోయి చూస్తే నిజమే. టేకు, మద్ది, బండారు, పెండ్లికి పిలిచినట్టు అందరూ హాజరు. నాకు నవ్వు ఆగలే.

"ఇగిలియ్యకు. నా పట్టా కాయితం ఇంక చేతికి రాలే. బేస్తారం మీ సారు వస్తుండు. గిది చూస్తే 'చేను కాదు, అడివే' అని రాసుకపోతడు. నా పిల్లలు టేకాకు తినాలెనా?"

"ఐతే నా అడవిని మళ్ల నా కూపుకే మోసుకపోదాం అక్కా" అన్న.

మధ్యల రెండే రోజులు. పదిమంది ఆడోళ్లు ఆ మొలకలను మట్టిగడ్డతో పెళ్లగించి, వానలనే కూపులో నాటిండ్రు. నేనూ తట్టలు మోసిన. బుధవారం పొద్దూకేసరికి చేన్ల ఒక్క మొలక లేదు, కూపు నిండ పచ్చదనం.

బేస్తారం రేంజర్ సారు వచ్చి, ఒక కన్ను మూసి చూసిండు.

"ఏందయ్యా, ఇది దానంతటదే మొలిచిందా?"

"అవ్ సార్."

"మూరకొకటి, తాడు పట్టినట్టు?"

అప్పుడు చూసిన. వరినాట్లు వేసిన చేతులు గదా, అడవిని గూడ సాళ్లు పెట్టి నాటినయ్!

"మన అడవికి క్రమశిక్షణ ఎక్కువ సార్."

"ఎనుకకు నడుచుకుంట మొలిచిందా? ఈ అడుగులేంది?"

నాటేటోళ్లు వెనక్కి నడుస్తరు. బురదలో పది జతల పాదాలు ఆ సంగతి అచ్చేసి పెట్టినయ్.

"ఈ మొలకలు ఏడికెళ్లి తెచ్చినవ్?"

పక్కనే నిలబడ్డ ముత్తక్క మొఖం తెల్లబోయింది. నిజం చెప్తే ఆమె చేను పోతది. అబద్ధం చెప్తే నా కొలువు పోతది. నేను ఛాతీ విరిచి ముందుకొచ్చి, "మా పెరట్ల పెంచిన సార్, తప్పు నాదే" అన్న.

సారు అక్కడికక్కడే తీర్పు చెప్పిండు.

"పెరట్ల ఇన్ని పెంచినోనికి కూపుల ఏం పని? రేపటిసంది నర్సరీకి పో, మట్టి సంచులు నింపు."

రెండేండ్లు నింపిన. కలలో గూడ నింపిన. అందుకే పంచభూతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్న: ఈ జన్మలో అడవిలో చీపురు ముట్టను. ముందుజాగ్రత్తగా ఇంట్లో గూడ ముట్టనంటే మా ఆవిడ ఒప్పుకోలేదు.

ఇగ మీసం మీద ఒట్టేసిన గనక ఒకటి ఒప్పుకోవాలె. చీమ కాలు విరిగింది నిజమే. నేను ఛాతీ విరిచిందే అబద్ధం. సారు అడిగినప్పుడు నా నోరు పెగలనే లేదు.

"వీళ్ల పెరట్ల పెంచిండు సార్, తప్పు ఈయనదే" అన్నది ముత్తక్క.